బిడ్డలను కొట్టు హక్కు

పసివాని యేడ్పు వినబడగానే ప్రక్కయింటి యిల్లాలు గోడమీదుగా తొంగిచూచి "ఏమైనదమ్మా?" యని యడుగును. "ఏమియు లేదండీ, రెండు తగిలించితిని" అని తల్లి బదులు చెప్పును. ఆమెయు సరేయని లోనికి పోవును. ఈ "ఏమియు లేదు" అను మాటనుగూర్చి నాకు చాలకాలమునుండి సందేహము కలదు. ఆ రెండు దెబ్బలును ఆ పొరుగింటి యిల్లాలికే తగిలియున్నచో ఏమియు లేదనుటకు వీలుండునా? వీథి యంతయు గుమిగూడును. ఠాణాకు కబురు పోవును. వకీలును వెదకవలసి వచ్చును. అదే చేయి, అదే దెబ్బ. పెద్దవారికి తగిలినప్పుడు నేరమైనది పసివానికి తగిలినప్పుడు పెంపకమగుచున్నది. ఈ భేదమును శాసనములు ఎట్లు కల్పించినవో, ఎంతకాలము కాపాడినవో, ఎచ్చట సడలించినవో చదువరులతో కలసి విచారింపవలెనని యీ వ్యాసమునకు పూనుకొంటిని.

కొట్టుట తప్పు కాదనువారు మొదట మన పెద్దలనే సాక్షులుగ పిలుతురు. "మొక్కయి వంగనిది మ్రానయి వంగునా" యను సామెత యొకటి, "దండం దశగుణం భవేత్" అను సంస్కృతవాక్య మొకటి యెల్లవారి నోళ్లయందును సిద్ధముగ నుండును. అయిదేండ్లు లాలింపవలెననియు, పదేండ్లు దండింపవలెననియు, పదునాఱవయేట మిత్రునివలె చూడవలెననియు చాణక్యుని పేర చెల్లుచున్న నీతి యింకొకటి. ఇందులో మొదటి యైదేండ్లను, పదునాఱవయేటిని మఱచి, నడిమి పదేండ్లను మాత్రము జ్ఞప్తియందుంచుకొనుట మన యలవాటు.

ధర్మశాస్త్రములను తెఱచి చూచిన నాశ్చర్యము కలుగును. గౌతమధర్మసూత్రములలో శిష్యుని శిక్షించు విధము చెప్పబడినది. అందు మొదటి మాట, కొట్టకయే శిక్షింపవలెనని. అది సాధ్యపడనప్పుడు సన్నని త్రాటితోగాని వెదురుబద్దతోగాని కొట్టవచ్చునని రెండవ మాట. మఱి యే వస్తువుతో కొట్టినను రాజు ఆ గురువునే దండింపవలెనని మూడవ మాట. ఆపస్తంబుడు భయపెట్టుట, ఉపవాసముంచుట, నీళ్లలో స్నానము చేయించుట, ఎదుటికి రానీయకుండుట యను నుపాయములను పేర్కొనెను. ఈ జాబితాయు నేటి తల్లులకు రుచింపదు. కాని బెత్తము దానియందు లేకపోవుట గమనింపదగినది.

మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమునందలి విధి యింకను ప్రసిద్ధము. భార్య, కొడుకు, దాసుడు, శిష్యుడు, తోడబుట్టిన తమ్ముడు తప్పు చేసినచో వారిని త్రాటితోగాని వెదురుబద్దతోగాని కొట్టవచ్చునట. కొన్ని ప్రతులలో శిష్యునికి మాఱుగ సేవకుడని పాఠము. ఆ దెబ్బయు వీపుననే పడవలెను, శిరస్సుపై నెన్నడును పడరాదు. వేఱువిధముగ కొట్టినవానికి దొంగకు వచ్చు పాపము వచ్చును. మనవారు దీనినుండి యనుమతిని గ్రహించిరి, హద్దును విడిచిరి. పిల్లవాని నెత్తిన మొట్టుట మన యిండ్లలో నెంత సాధారణమో చెప్పనక్కఱలేదు. మనువు లెక్కలో నది దొంగతనముతో సమానము!

ఆ శ్లోకమునందలి పేర్లు ఈ రెండువందల యేండ్లలో నేమైనవో యొక్కొక్కటిగ చూతము. దాసుని పేరు మొదట కొట్టివేయబడెను. 1843వ సంవత్సరపు అయిదవ చట్టము, స్వతంత్రునిపట్ల చేసినచో నేరమగు పని దాసుడను నెపముతో నెవనిపట్ల చేసినను నేరమే యని విధించినది. భార్య పేరు చాల ఆలస్యముగ తొలగెను. 1860 నాటి శిక్షాస్మృతి భర్తకు కొట్టు హక్కు నీయలేదు గాని, ఇంటి తలుపు మూసినతర్వాత దాని నడుగువారు లేకుండిరి. 1983లో భర్త చేయు క్రూరత్వము ప్రత్యేకనేరమైనది. 2005లో గృహహింసనుండి స్త్రీలను కాపాడు చట్టము వచ్చినది. తమ్ముని విషయమున ప్రత్యేకశాసనము వలసినది కాదు. ఆస్తి పంపకములే యా పని నెరవేర్చినవి.

ఆ శ్లోకములో లేని వాడొకడు కలడు, అతడు నేరస్థుడు. అతనిని కొరడాతో కొట్టించు అధికారము ప్రభుత్వమునకు 1864 నాటి చట్టమువలనను, తరువాత 1909 నాటి చట్టమువలనను ఉండెను. ఆ దండనమున కెన్నియో నియమములుండెను. ముప్పది దెబ్బలు మించరాదు. స్త్రీలను కొట్టరాదు. దెబ్బల కోర్చు దేహబలము కలదని వైద్యుడు చెప్పినగాని కొట్టరాదు. చిన్నవయస్సు నేరస్థులకు మాత్రము తేలిక బెత్తముతో, బడులలో కొట్టురీతిని శిక్ష విధింపవలెనట. అనగా చెఱసాలకు బడి మేలుబంతియైనది! ఈ దండనమంతయు 1955లో రద్దుచేయబడెను. అది మొదలుకొని మన దేశమున హంతకుని యొంటిపై నైనను బెత్తము వేయించు అధికారము న్యాయాధిపతికి లేదు. ఆ దండనమున్న దినములలో సైతము దొంగకు దెబ్బల లెక్క, వైద్యుని పరీక్ష యుండినవి. ఇంటిలో దెబ్బలు తిను ఆడుబిడ్డకుగాని మగబిడ్డకుగాని యివి యెన్నడు నుండలేదు.

ఇక శిష్యుడు. ఇతని కథయే కొంత దీర్ఘము. తల్లిదండ్రుల హక్కు స్వరూపము దీనియందే తేటపడును. గురువునకు కొట్టు అధికార మెక్కడిది? బ్లాక్‌స్టన్ అను ఆంగ్లన్యాయశాస్త్రజ్ఞుడు 1765లో వెలువరించిన గ్రంథభాగమున దీనికి సమాధానము చెప్పెను. బిడ్డను మితముగ దండించు అధికారము తండ్రిది. విద్యకై ఆ యధికారములో కొంతభాగమును తండ్రి గురువున కప్పగించును. గురువు తండ్రి స్థానమున నిలిచి దాని నుపయోగించును. కాబట్టి ఉపాధ్యాయుని బెత్తము అతని సొంతము కాదు, ఎరువు తెచ్చుకొన్నది. మన వీథిబడులలో నిట్టి సిద్ధాంతమును చదివినవారు లేకున్నను ఆచారమదియే. బిడ్డను బడిలో చేర్చునప్పుడే తండ్రి "కొట్టియైన చదువు చెప్పుడు" అని పంతులుతో ననెడివాడు. ఆ తర్వాత తొడపాశములు, గుంజిళ్లు, చేతులతో త్రాటిని పట్టుకొని వ్రేలాడు కోదండము - అన్నియు ఆ యొక్క మాటలోనుండి పుట్టినవే. అంతకుముందు మాత్రము చండామార్కులకు ప్రహ్లాదుని దండించు అధికారము హిరణ్యకశిపుడు గాక మఱి యెవరిచ్చిరి?

ఈ యెరువు బెత్తము ఎంతదూరము పోగలదో 1860లో ఇంగ్లండు దక్షిణతీరమున ఈస్ట్‌బర్న్ అను పట్టణమున తెలియవచ్చినది. అచ్చట థామస్ హాప్లీ యను నాతడు పాఠశాల నడుపుచుండెను. అతడు మూర్ఖుడు కాడు. విద్యావిధానమును సంస్కరింపవలెనని ఉత్సాహపడినవాడు. అతనియొద్ద పదునైదేండ్ల బాలుడొకడు చదువుచుండెను. ఆ బాలునికి తలలో నీరుచేరిన వ్యాధి, చదువు తలకెక్కదు. హాప్లీ అది వ్యాధియని యెఱుగక, మొండితనమని తలచెను. గట్టిగ దండింప ననుమతి వేడుచు తండ్రికి జాబు వ్రాసెను. తండ్రి తన కాక్షేపణ లేదని బదులు వ్రాసెను. ఏప్రిల్ నెల 21వ తేదీ రాత్రి హాప్లీ ఆ బాలుని దాదాపు రెండు గంటలసేపు లావుపాటి కఱ్ఱతోను, త్రాటితోను కొట్టెను. తెల్లవాఱునప్పటికి బాలుడు చనిపోయియుండెను. చేతులకు తొడుగులు, కాళ్లకు మేజోళ్లు తొడిగి గాయములను కప్పివేసిరి. చనిపోయినవాని యన్న సందేహపడి పట్టుపట్టుటవలన నిజము బయటపడినది.

లూయిస్ పట్టణమున జరిగిన విచారణలో ప్రధాన న్యాయమూర్తి కాక్‌బర్న్ చెప్పిన సూత్రము తరువాత ఆంగ్లన్యాయము వ్యాపించిన దేశములన్నిటికిని ప్రమాణమైనది. తండ్రియైనను, తండ్రి యధికారమును పొందిన గురువైనను బిడ్డయందలి చెడును దిద్దుటకై మితమైన దేహదండనము చేయవచ్చును. కాని కోపము తీర్చుకొనుటకు కొట్టినను, మితిమీఱి కొట్టినను, బిడ్డ యోర్వలేనంతసేపు కొట్టినను, ప్రాణమునకో అవయవములకో అపాయము కలిగించు సాధనముతో కొట్టినను అది చట్టవిరుద్ధము. హాప్లీకి ప్రాణహాని నేరమునకై నాలుగేండ్ల కఠినశిక్ష పడెను. అతడు మాత్రము లాక్ పండితుడు వ్రాసిన విద్యాగ్రంథమే తనకు ప్రమాణమని చెప్పుకొనెను. 1693 నాటి ఆ గ్రంథమున లాక్ బిడ్డలను కొట్టుట సాధారణముగ కీడేయని చెప్పి, మొండితనమునకు మాత్రము మినహాయింపు నిచ్చియుండెను. హాప్లీకి ఆ మినహాయింపే కనబడెను. మనువునకు మనము చేసినదానినే లాక్‌కు అతడు చేసెను.

కాక్‌బర్న్ సూత్రమును చదివినప్పుడెల్ల నేనొకచోట ఆగిపోవుదును. కోపము తీర్చుకొనుటకు కొట్టరాదట! కోపము లేకుండ బిడ్డను కొట్టిన తల్లినిగాని తండ్రినిగాని నేను చూడలేదు. నా సంగతియే చెప్పెదను. నా కుమారుని నేను రెండుసారులు కొట్టితిని. రెండుసారులును ఆ దినమున కచేరీలో నాపై యధికారి నన్ను పదిమందిలో చీవాట్లు పెట్టియుండెను. బిడ్డ చేసిన తప్పు ఒకసారి సిరాబుడ్డి దొర్లించుట. రెండవసారి యేమో నాకిప్పుడు జ్ఞాపకము లేదు, వానికి జ్ఞాపకమున్నది. "ప్రేమతోనే కొట్టుదుము" అనువారికి భాగవతములోని యశోద కథను గుర్తుచేయుదును. కృష్ణుని వెంబడించి పట్టుకొన్న యా తల్లిచేతిలో కోల యుండెను. బిడ్డ భయపడుచున్నాడని గ్రహించినంతనే ఆమె దానిని పాఱవైచెను. రోటికి కట్టిన కథను ప్రతి యింటను చెప్పుకొందురు గాని, కోలను పాఱవైచిన సంగతిని చెప్పువారు తక్కువ.

హాప్లీకి శిక్షపడిన యా 1860వ సంవత్సరముననే, అక్టోబరు నెలలో, భారత శిక్షాస్మృతి చట్టమైనది. మెకాలే మొదలగువారు 1837లో సిద్ధపఱచిన చిత్తుప్రతి యిన్నేండ్లకు శాసనమై 1862 జనవరి 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. అందు 89వ విభాగ మిట్లు చెప్పుచున్నది: పండ్రెండేండ్లలోపు బిడ్డకు మేలు చేయవలెనను సద్భావముతో సంరక్షకుడుగాని, అతని సమ్మతితో నితరులుగాని చేయు పని, ఆ బిడ్డకు హాని కలిగించినను నేరము కాదు. చంపుటకును, ఊరక తీవ్రగాయము చేయుటకును ఈ రక్షణ చెల్లదు. దీనిక్రింద చట్టకర్తలు ఉదాహరణమొకటి యిచ్చిరి. అది బెత్తమునకు సంబంధించినది కాదు. మూత్రాశయమున ఱాయి యేర్పడిన బిడ్డకు తండ్రి వైద్యునిచే శస్త్రచికిత్స చేయించుట! బిడ్డ సమ్మతింపడు, ప్రాణాపాయమును కలదు. ఐనను తండ్రి నేరస్థుడు కాడు. ఇది న్యాయమే. కాని వైద్యుని కత్తికై వేసిన పందిరిక్రింద బెత్తమును వచ్చి కూర్చుండెను. మేలుకొఱకే కొట్టితినని చెప్పని తండ్రియు గురువును ఎవడుండును?

పండ్రెండేండ్లు దాటిన బాలుర విషయమున ప్రక్కనున్న 88వ విభాగము సాయపడెను. 1949లో బొంబాయి ఉన్నతన్యాయస్థానము ఒక ఉపాధ్యాయుని విషయమున తీర్పుచెప్పుచు, బిడ్డను బడికి పంపుటయే అచ్చటి క్రమశిక్షణకు సంరక్షకుడు సమ్మతించినట్లని నిర్ణయించెను. బ్లాక్‌స్టన్ కాలపు యెరువు అట్లే నిలిచియుండెను. అది కదలుటకు మఱి యేబదియేండ్లు పట్టినది. 2000వ సంవత్సరము డిసెంబరులో ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము అచ్చటి పాఠశాలలలో దేహదండనము ననుమతించు నియమమును కొట్టివేసెను. 2002లో మన ఆంధ్రప్రదేశ ప్రభుత్వమును తన విద్యానియమములను మార్చి బడులలో దానిని నిషేధించినది. చివరకు 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1వ తేదీన అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము, 17వ విభాగమున, బిడ్డకు శారీరకదండనము గాని మానసికహింస గాని దేశమంతట కూడదని శాసించెను. ఇట్లు శిష్యుని పేరును ఆ శ్లోకమునుండి తొలగిపోయెను.

ఇచ్చట నొక చిక్కు కలదు. ఎరువు తెచ్చుకొన్నవాని చేతినుండి బెత్తము లాగికొనబడినది. ఎరువిచ్చినవాని చేతిలో నది యట్లే యున్నది. ఉదయము పదిగంటలకు బడిలో ఏ దెబ్బ బిడ్డకు కీడని చట్టము చెప్పుచున్నదో, సాయంకాలము ఆఱుగంటలకు ఇంటిలో ఆ దెబ్బయే మేలగుటకు అవకాశమున్నది. బిడ్డ వీపు మాత్రము మాఱలేదు.

చట్టము ఇంటిలో నడుగుపెట్టరాదని కొందఱు పెద్దలందురు. ఈ మాట మనకు క్రొత్తది కాదు. 1856లో వితంతువివాహపు చట్టము వచ్చినప్పుడు వినబడినది. 1891లో సమ్మతివయస్సును పండ్రెండేండ్లకు పెంచినప్పుడు వినబడినది. 1929లో శారదాచట్టము వచ్చినప్పుడు మఱింత బిగ్గఱగ వినబడినది. ఇల్లు పవిత్రమే; దానిలో నందఱికంటె చిన్నవానికిని అది పవిత్రముగ నుండవలదా? ఐనను వారి భయములో నొకపాలు సత్యమున్నదని నేనొప్పుకొందును. చెంపపై నొక్క దెబ్బకు తల్లిని చెఱసాలకు పంపినచో ఆ బిడ్డ గతి యేమి? ఈ ప్రశ్నకు మొట్టమొదట సరియైన సమాధానము వెదకినది స్వీడను దేశము.

అచ్చట నీ మార్పు ఒక్కదినమున జరుగలేదు. 1957లో తల్లిదండ్రుల దండనకు శిక్షాస్మృతియందున్న రక్షణ తీసివేయబడెను. మఱుసటియేట బడులలో దండనము నిషేధింపబడెను. 1966లో కుటుంబశాసనమునుండియు ఆ హక్కు తొలగెను. ఇంత జరిగినను, హక్కు లేదని చెప్పుటవేఱు, కొట్టరాదని చెప్పుటవేఱు గదా. న్యాయస్థానములలో సందిగ్ధము నిలిచియేయుండెను. 1979లో అచ్చటి శాసనసభ 259 మంది యనుకూలముగను ఆఱుగురు వ్యతిరేకముగను మతమీయగా, బిడ్డను శారీరకముగ దండింపరాదు, అవమానింపరాదు అని స్పష్టముగ శాసించెను. జూలై 1వ తేదీనుండి అది అమలునకు వచ్చెను. ప్రపంచమున నిట్టి చట్టము చేసిన మొదటి దేశమదియే. ఈ శాసనమును శిక్షాస్మృతిలో నుంచక, తల్లిదండ్రుల ధర్మములను చెప్పు కుటుంబశాసనమున నుంచిరి. దానిని మీఱినవారికి అందు ప్రత్యేకశిక్ష యేదియు లేదు. గాయపఱచినచో సాధారణపు నేరచట్టము ఎట్లును కలదు. ప్రభుత్వమువారు బిడ్డలున్న యిండ్లకు చిన్నపుస్తకములను పంపిరి. వలసవచ్చినవారికై పరభాషలలోనికి మార్పించిరి. అంతటితో నాగక, పాలు పోసి అమ్ము అట్టపెట్టెలపై చట్టపు సంగతిని అచ్చువేయించిరి. ఉదయము ఫలాహారపు బల్లపై ఆ పెట్టె తల్లికిని బిడ్డకును నడుమ నిలిచియుండెను. చదువనేర్చిన బిడ్డయు దానిని చదువుకొనెను. చట్టమును పోలీసువానిచేత గాక పాలవానిచేత నింటికి పంపుట యనిన నిదియే! కొందఱు తల్లిదండ్రులు తమ మతవిశ్వాసమునకు భంగము కలిగినదని ఐరోపా మానవహక్కుల సంఘమునకు మొఱపెట్టుకొనిరి గాని, 1982లో వారి మొఱ త్రోసివేయబడెను.

కాక్‌బర్న్ సూత్రము పుట్టిన దేశమున నేమైనదో కూడ చెప్పవలెను. ఒక సవతితండ్రి తొమ్మిదేండ్ల బాలుని తోటలోని బెత్తపుకఱ్ఱతో గాయములగునట్లు పలుమాఱులు కొట్టగా, 1994లో ఆంగ్లపంచాయతీదారులు, అంటే జ్యూరీవారు, అది మితమైన దండనమే కావచ్చునని అతనిని విడిచిపెట్టిరి. ఆ బాలుని పక్షమున ఐరోపా మానవహక్కుల న్యాయస్థానమునకు వ్యాజ్యము పోగా, బిడ్డను కాపాడజాలని చట్టము నుంచుకొన్నందుకు 1998లో బ్రిటిషు రాజ్యమే దోషియని తీర్పు వచ్చెను. తరువాత స్కాట్లండు 2020లోను, వేల్సు 2022లోను తల్లిదండ్రులకున్న ఆ రక్షణను తీసివేసినవి. నేటికి అఱువదికి పైగా దేశములు ఇంటిలోని దండనమును నిషేధించినవి. మన పొరుగున నున్న నేపాళము 2018లో వారితో చేరినది. దక్షిణాసియాలో నదియే మొదటిది.

మన దేశము బాలలహక్కుల యంతర్జాతీయ యొడంబడికను 1992లో నంగీకరించినది. 2015 నాటి బాలన్యాయచట్టపు 75వ విభాగము, బిడ్డను తన వశమున నుంచుకొన్నవారెవరైనను కొట్టి యనవసరమగు బాధ కలిగించినచో మూడేండ్లవఱకు శిక్ష విధించుచున్నది. ఈ విభాగము తల్లిదండ్రులకును వర్తించును. ఘోరముగ హింసించినవారిపై నభియోగములును వచ్చుచున్నవి. కాని "అనవసరమగు" నను నొక్కమాటలో కాక్‌బర్న్ మరల తొంగిచూచుచున్నాడు. అవసరమగు బాధ యెంత? దానిని కొలుచునదెవరు? ఆ చట్టమే 82వ విభాగమున, బాలల సంరక్షణగృహములలో క్రమశిక్షణకై బిడ్డను కొట్టినవారిని, ఈ కొలతల జోలికి పోకయే, దండించుచున్నది. తల్లియు తండ్రియు లేని బిడ్డకు చట్టమిచ్చిన యభయము ఇరువురును గల బిడ్డకు స్పష్టముగ నీయబడలేదు.

శిక్షాస్మృతిని మార్చి క్రొత్తగ వ్రాసిన భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1వ తేదీన అమలునకు వచ్చినది. అందు పాత 89వ విభాగము 27వ విభాగమైనది. పండ్రెండేండ్ల వయస్సు మాఱలేదు. మేలుకొఱకు, సద్భావముతో నను మాటలును మాఱలేదు. వానిక్రింద నుదాహరణముగ 1860లో నిలిపిన బిడ్డ, మూత్రాశయపు ఱాతితో, వైద్యుని కత్తి యెదుట, నేటికిని అచ్చటనే యున్నాడు.